తప్పిన ముప్పు ఎటు పోయినది?

తెలుగు ఛానలులో తుపాను ముగిసిన చోట ఖరగ్‌పూరు ఇందాలో మొదలగును

బుధవారము మధ్యాహ్నము సంపాదకులు ఫోను చేసిరి. "టీవీల్లో వాతావరణం చూసి జనం విసిగిపోతున్నారు. ఏది చూడాలో కేబులువాడు తేలుస్తున్నాడు. రెండూ కలిపి అట్టమీది కథ. సోమవారం సాయంత్రానికి నాకు కావాలి" అని, నేను ఔననుటకో కాదనుటకో నోరు తెరచులోపలనే పెట్టివేసిరి. ఈ వృత్తిలో ఇరువదియేండ్లు గడపిన వానికి గడువు కొత్తది కాదు గాని విషయము మాత్రము చిక్కుగానే తోచెను. ఏలయన వాతావరణ వార్తను తిట్టని ప్రేక్షకుడును, కేబులును తిట్టని చందాదారుడును నాకు ఇంతవరకు తారసపడలేదు. అందరును తిట్టుచున్న దానిని గూర్చి కొత్తగా తిట్టుటకు నాకేమి మిగులును?

తుదకు నన్ను నేనే ఒక ప్రశ్న అడిగికొంటిని. తెలుగు టీవీలోని వాతావరణ వార్తను అందరికంటె శ్రద్ధగా చూచియు అందరికంటె తక్కువ ఫలము పొందెడివాడెవడు? అమెరికాలో నున్న వానికి మన వాన మీద వేడుకయే గాని భయము లేదు. హైదరాబాదులో నున్న వానికి భయమున్నను కిటికీ తెరచిన చాలును. ఇట్లు ఒక్కొక్కరినే త్రోసిపుచ్చుచు పోగా మిగిలినవారు మా చిన్నాన్న. ఆయన ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అచ్చటనే పదవీ విరమణ చేసి, శ్రీకాకుళము జిల్లాలోని స్వగ్రామమునకు మరలిపోయెదనని ప్రతి సంక్రాంతికిని చెప్పుచు, ప్రతి సంక్రాంతికిని ఇందాలోని తన రెండు గదుల యింటనే ఉండిపోవు మనిషి. గురువారము రాత్రి విశాఖలో బండి యెక్కి శుక్రవారము ప్రొద్దుట ఆయన వాకిట దిగితిని.

ఇందా యనగా ఖరగ్‌పూరులో మేదినీపురము పోవు దారివైపు పేట. ఊరికి పేరిచ్చినదని చెప్పుకొను ఖర్గేశ్వరుని గుడియు, 1949లో వెలసిన ఖరగ్‌పూరు కళాశాలయు ఇచ్చటనే యున్నవి. ఆ వీథులలో నడచినచో ఒక యింటి నుండి బంగ్లా ధారావాహికయు, ప్రక్క యింటి నుండి హిందీ వార్తయు, మూడవ యింటి నుండి తెలుగు పాటయు ఒకేమారు చెవిని బడును. మూడిండ్లకును పోవు నల్లని తీగ మాత్రము ఒకే స్తంభము నుండి వ్రేలాడుచుండును. చిన్నాన్న యింట టీవీకి ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ కలదు. దానిలో ఆయన తప్ప వేరొకరు కూర్చుండరు. పిన్నికి బంగ్లా ఛానలు, ఆయనకు తెలుగు వార్తలు. రిమోటు విషయమున వారికి సంధి కుదురునది తుపాను వేళలలోనే. అప్పుడు చెరి పది నిమిషములు పంచుకొందురు.

"నీకో మాట చెప్తాను, రాసుకోరా," అని నేను టీ గ్లాసు దింపకమునుపే ఆయన ఆరంభించిరి. "మన టీవీవోడు ఆంధ్రాకి ముప్పు తప్పింది అన్నాడనుకో. ఆ మాట ఇన్నాక మీ పిన్ని వాకిట్లో బట్టలు తీసీడానికి ఎల్తాది. అదీ లెక్క."

నేను నవ్వితిని గాని ఆయన నవ్వలేదు. పటము తలచుకొన్న పిమ్మట నాకును నవ్వు నిలువలేదు. బంగాళాఖాతము నడిమి భాగమున పుట్టిన వాయుగుండము వాయవ్యముగా బయలుదేరి, కొంత దూరము వచ్చిన పిదప ఉత్తరమునకో ఈశాన్యమునకో మరలుట తరచుగా జరుగు పని; అట్లు మరలిన క్షణమున విశాఖలోను విజయవాడలోను ఊపిరి పీల్చుకొందురు, తెరమీది ఎఱ్ఱ అక్షరములు పచ్చబడును, అప్పటివరకు సముద్రపుటొడ్డున గొడుగు తిరగబడు గాలిలో నిలిచి కేకలు వేసిన విలేఖరి ఇంటికి పోవును, వార్త ముగియును. తుపాను ముగియదు. అది ఒడిశా తీరమునో బెంగాలు తీరమునో దాటవలసియే యున్నది. విశాఖకు ఏడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, అదే భాషలో అదే వార్తను ఆలకించుచున్న ఇందా వాసికి తుపాను తనవైపు తిరిగినదన్న కబురు శుభవార్తగా చదివి వినిపింపబడును.

2019 మే 3వ తేది ఇందులకు చిన్నాన్న చూపు సాక్ష్యము. ఆ ఉదయము ఫణి తుపాను గంటకు 175 కిలోమీటర్లకు మించిన గాలులతో పూరీ వద్ద తీరము దాటెను. శ్రీకాకుళమునకు గండము గడచినదని మధ్యాహ్నమునకే తెలుగు తెరమీద తేలిపోయినది. సాయంకాలమునకు చర్చలు ఎన్నికల లెక్కలకు మరలినవి. ఫణి మాత్రము పూరీలో ఆగలేదు. ఒడిశా మీదుగా ఉత్తరమునకు ప్రాకి, బాలేశ్వరము దాటి, బలము తగ్గియు తుపానుగనే యుండి, అర్ధరాత్రి గడచిన పిమ్మట బెంగాలులో ప్రవేశించినది. ప్రవేశించిన దారి ఏదనగా సరిగా ఖరగ్‌పూరే. "ఆ రేత్రి మన ఛానల్లో ఎవరికెన్ని సీట్లో చెప్తున్నారు, నెత్తిమీద రేకు లేచిపోతంది," అని ఆయన పైకప్పు వైపు చూపిరి. అచ్చట ఇప్పుడు కొత్త రేకు కలదు.

మరి బంగ్లా ఛానలు? పిన్ని పెదవి విరిచిరి. "ఆళ్ళకి కలకత్తా, దీఘా తప్ప ఊర్లు నేవు నాయనా."

ఒక పనికిమాలిన గమనికయని తోచినను వ్రాసికొంటిని: తుపాను దినములలో తెలుగు తెర అడుగున ప్రాకు పట్టీలో ఓడరేవుల పేర్లు వచ్చును గదా, కృష్ణపట్నము, నిజాంపట్నము, మచిలీపట్నము, కాకినాడ, గంగవరము, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, అని. కళింగపట్నముతో పట్టీ ముగిసి మరల కృష్ణపట్నము వచ్చును. ఆ తరువాత గోపాలపురమును, పారాదీపును, ధామ్రాయును, హల్దియాయును ఉన్నట్లు దానికి తెలియదు. చిన్నాన్న ఆ పట్టీని పల్లె బస్సుతో పోల్చిరి: చివరి ఊరు చేరగానే వెనుకకు తిరుగును, ఎక్కినవాడు దిగి నడువవలసినదే.

పదకొండు వరుసల కాగితము

నిజమునకు నేను వ్రాయవలసినది కేబులును గూర్చియు విసుగును గూర్చియు. కాని ఆ పట్టీలో రేవుల పేర్ల ప్రక్కనుండు అంకె నన్ను పట్టి విడువలేదు. "మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక జారీ" అనెడి వాక్యమును నేను బాల్యము నుండి వినుచున్నాను, వార్తలలో వ్రాసియున్నాను కూడ. ఆ మూడు అనగానేమి అని ఏనాడును అడుగలేదు. శనివారము ఉదయము వాతావరణ శాఖ ఓడరేవులకు ఏర్పరచిన సంకేతముల పట్టికను ఫోనులో వెదకి పట్టి, ఇందా మోడ్ వద్ద జిరాక్సు దుకాణమున కాగితము మీదికి దింపించితిని. ఒక పుట, పదకొండు వరుసలు. ఈ కథ యంతయు దాని చుట్టు తిరుగుచున్నదని సంపాదకులకు కోపము వచ్చినను రావచ్చును.

అందరివలెనే నేనును ఈ అంకెలు మెట్లవంటివనియు, ఒకటికంటె రెండు, రెండుకంటె మూడు ఘోరమనియు నమ్మియుంటిని. కొంతవరకది నిజమే. ఒకటి యనగా దూరమున సముద్రములో వాయుగుండము కలదు, రేవునకు బాధ లేదు. రెండు యనగా దూరమున తుపాను కలదు, రేవు విడిచిపోవు ఓడలు జాగ్రత్తపడవలెను. మూడు స్థానికముగా ఈదురుగాలుల బెదరింపు. నాలుగు సముద్రములోని తుపాను మునుముందు రేవును తాకవచ్చునని. ఇంతవరకు ఆ కాగితమున ప్రమాదమను మాటయే లేదు! దూర సూచన, దూర హెచ్చరిక, స్థానిక సూచన, స్థానిక హెచ్చరిక, అంతియే. ప్రమాదము ఐదవ నంబరుతో మొదలగును, మహాప్రమాదము ఎనిమిదవ నంబరుతో. మన తెరమీద మాత్రము ఒకటవ నంబరు కూడ "ప్రమాద హెచ్చరిక"యే. మొదటి వరుసకే ప్రమాదమని కేకవేసిన వాడు ఎనిమిదవ వరుసకు ఏమని కేకవేయును? ప్రేక్షకుల చెవులు మొద్దుబారినవని నిందించువారు ఈ లెక్క చూడవలెను.

అసలు వింత ఐదు వద్ద కలదు. ఐదు, ఆరు, ఏడు, ఈ మూడును ఒకే తీవ్రతకు చెందినవి, భేదము దిక్కులో. తుపాను రేవును తన యెడమవైపున ఉంచుకొని తీరము దాటునని తోచినచో ఐదు. కుడివైపున ఉంచుకొన్నచో ఆరు. రేవు మీదుగనో దాని చెంతనో దాటునన్నచో ఏడు. తీవ్ర తుపాను విషయమున ఇదే వరుసలో ఎనిమిది ఎడమ, తొమ్మిది కుడి, పది నడినెత్తి. ఐదవ నంబరు ఆరయినపుడు తుపాను బలపడినదని ఎవరైన చెప్పినచో అది తప్పు. తుపాను దారి జరిగినదని దాని యర్థము.

నేనీ మాట చదువగనే చిన్నాన్న కుర్చీలోనుండి లేచి, నిన్నటి పేపరు మీద పెన్నుతో ఉత్తరమునకు ఒక బాణము గీసి, దానికి ఎడమ ప్రక్క "వైజాగు" అనియు కుడి ప్రక్క "మనం" అనియు వ్రాసిరి. యాస్ తుపాను అట్లే వచ్చినది. 2021 మే 26వ తేదిని బాలేశ్వరమునకు సుమారు 20 కిలోమీటర్లు దక్షిణమున అది తీరము దాటినపుడు, ఆంధ్ర తీరము దాని యెడమ ప్రక్కనుండి ఎప్పుడో తప్పించుకొన్నది. బాలేశ్వరమునకు ఈశాన్యముగా రైలుదారిని సుమారు 120 కిలోమీటర్ల దూరమునగల ఖరగ్‌పూరు కుడి ప్రక్కన చిక్కినది. బెంగాలు తీరమునగల దీఘాలో సముద్రము వీథులలోనికి వచ్చినది.

కుడి యెడమలకు ఇంత పట్టింపు ఏల? ఉత్తరార్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున కుడి ప్రక్కన ఆ తిరుగుడు వేగమునకు తుపాను నడక వేగము తోడగును, ఎడమ ప్రక్కన తీసివేయబడును. నేను దీనిని రెండు మూడు విధముల చెప్ప యత్నించి విఫలుడనైతిని. చిన్నాన్న ఒక్క వాక్యమున ముగించిరి: "నడిచే బండిలో ఇంజను వేపు నడిచినోడూ, గార్డు డబ్బా వేపు నడిచినోడూ ఒకటేనేటి?" రైల్వే పట్టణమున పుట్టిన శాస్త్రబోధ ఇట్లుండును.

మరి కాగితములోని తుది వరుస? పదకొండవ నంబరునకు గాలితోను అలతోను నిమిత్తము లేదు. తుపాను హెచ్చరికల కార్యాలయముతో వార్తా సంబంధములు తెగిపోయినవని దాని యర్థము. ఎంత దూరదృష్టి గలవారో ఈ పట్టిక కూర్చినవారు! ఏమియు తెలియకుండుటయే పది నంబర్లకు మించిన స్థితి యని భావించి, తెలియకున్నదను సంగతిని తెలుపుటకు కూడ పగలొక గుర్తును, రాత్రి యొక దీపముల వరుసను ఏర్పరచిరి. మౌనమును మౌనముగా విడిచిపెట్టలేదు. దానికొక అంకె నిచ్చిరి.

[పెట్టెలో: "ఒకటి రెండు చోట్ల" అనగా ఎంత?

వాతావరణ వార్త వినునపుడు మనము నవ్వుకొను మాట ఇది. అది తప్పించుకొను మాట కాదు, లెక్కగల మాట. ఒక ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నూటికి 25 లోపున వాన పడునన్నచో "ఒకటి రెండు చోట్ల". 26 నుండి 50 వరకు "కొన్ని చోట్ల". 51 నుండి 75 వరకు "చాలా చోట్ల". ఆపైన దాదాపు అంతటను. భారీ వర్షమనగా 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు, 115.6 మొదలు అతి భారీ, 204.4 మించిన అత్యంత భారీ. గాలి గంటకు 31 కిలోమీటర్లయిన వాయుగుండము, 50 అయిన తీవ్ర వాయుగుండము, 62 అయిన తుపాను, 89 అయిన తీవ్ర తుపాను, 118 అయిన అతి తీవ్రము, 222 చేరినచో మహా తుపాను. ఈ అంకెలను తెరమీద ఒక మూల నిలిపియుంచుటకు పట్టు స్థలము, సుడి తిరుగు ఆ ఎఱ్ఱబొమ్మకు పట్టు స్థలములో నాలుగవ వంతు.]

ఈ యూరి తెలుగువారి చరిత్రను, వారి టీవీ చరిత్రను ఒక్క పేరాలో కుదించుచున్నాను, పాఠకులు మన్నింతురు గాక. బెంగాల్ నాగపూర్ రైల్వే గత శతాబ్దారంభమున ఇచ్చట వర్క్‌షాపు నెలకొల్పగా ఉత్తరాంధ్ర జిల్లాల నుండి కూలీలును, ఫిట్టర్లును, గుమాస్తాలును వచ్చి మథురాకాటి, నింపురా, మలంచ మొదలగు పేటల నిండిరి. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనములో ఐఐటీ పుట్టెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. కలకత్తా దూరదర్శన్ 1975లోను హైదరాబాదు దూరదర్శన్ 1977లోను ఆరంభమయ్యెను. 1995లో జెమినీ, ఈటీవీలును, కేబుల్ టెలివిజన్ చట్టమును ఒకే యేడు వచ్చినవి. 2015 డిసెంబరు 31వ తేది గడువుగా చిన్న పట్టణములన్నిట సెట్‌టాప్ పెట్టె తప్పనిసరియయ్యెను. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసగెను. ఆ ప్రతిపత్తి వచ్చిన పిమ్మట ఈ యూరికి వచ్చిన మొదటి తుపాను యాసే; దాని హెచ్చరిక మా చిన్నాన్న వీథికి ఆటోలో మైకు మీద బంగ్లాలోను హిందీలోను వచ్చినదట.

ఇరువది పైసల చూపు

ఇక కేబులు. చిన్నాన్న దిండు క్రింద ఒక రబ్బరు బ్యాండు చుట్టిన రసీదుల కట్ట కలదు. తెలుగు వార్తా ఛానలు ఒకటి మాయమైన నెల రసీదు మీద ఎఱ్ఱ సిరాతో గుండ్రము చుట్టియున్నది. "ఇది ఏరే ప్యాకులో ఉంది అంకుల్," అని కేబులు కుర్రవాడు చెప్పెనట. ఆ ప్యాకు తీసికొన్నచో సినిమా ఛానళ్లు ఆరు వెంట వచ్చును, వాని ధరతో. వేరొక నెల ఛానలు పోలేదు, నంబరు మారినది. రాత్రి గాలి వీచుచుండగా డెబ్బది యేండ్ల వృద్ధుడు రిమోటుతో సున్న నుండి తొమ్మిదివందల వరకు వెదకుచు కూర్చుండెను. ఒకే భాషకు చెందిన ఒకే తరగతి ఛానళ్లను వరుసగా నుంచవలెననియు, ఒకమారు ఇచ్చిన నంబరును ఏడాదిలోపు మార్చరాదనియు ప్రసారముల నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2017 నిబంధనలలోనే కలదు. ఆ సంగతి నేను చెప్పగా ఆయన, "ట్రాయ్ ఎక్కడుంటాది? ఢిల్లీలోనా? మావోడు గోల్‌బజార్లో ఉంటాడు," అనిరి.

ఎవరికి కావలసిన ఛానలు వారే ఏరుకొనవచ్చునను వాగ్దానముతో 2019 ఫిబ్రవరి 1 నుండి కొత్త సుంకములు అమలునకు వచ్చెను. నూరు ఛానళ్లకు నెలకు 130 రూపాయలు; నూటికి 18 పన్ను కలుపగా 153 రూపాయల 40 పైసలు; ఆపైన వెలగల ఛానళ్లకు విడివిడి ధర. మరుసటి యేడు సవరణతో అదే 130కి రెండువందల ఛానళ్లయినవి, దూరదర్శన్ తప్పనిసరి ఛానళ్లను ఆ లెక్కలో చేర్చరాదనిరి. 2024 జూలైలో ఆ 130 మీది పరిమితినే ఎత్తివేసిరి. ఏరుకొను స్వేచ్ఛ కాగితము మీద ఇప్పటికిని కలదు. కాని పంపిణీదారుని వరుసలో లేని ఛానలును ఎట్లు ఏరుకొందురు? భోజనశాలలో ధరల పట్టిక ఎంత సరసమైనదైనను, వంటవాడు వండనిది విస్తరిలోనికి రాదు.

వండకపోవుటకు కారణము నన్నడిగినచో దురుద్దేశము కాదు, లెక్క. వెలలేని వార్తా ఛానలు చాల తావుల తన ప్రసారమును మోయుటకు కేబులు పంపిణీదారునకే ఎదురు రుసుము నిచ్చును. దాని పైపరిమితిని కూడ ట్రాయ్ 2017లో నిర్ణయించినది: సాధారణ ఛానలునకు ఒక్కొక్క చందాదారునకు నెలకు 20 పైసలు. ఇప్పుడు హైదరాబాదులోని ఛానలు యజమానిగా కూర్చుండి ఆలోచింపుడు. మీకు ప్రకటనలిచ్చు సిమెంటు కంపెనీవాడును, చీరల దుకాణమువాడును ఆంధ్రప్రదేశ్, తెలంగాణములను ఒక విపణిగా కొనుచున్నారు. ఇందాలోని ముసలి ఫిట్టరు ఆ చీరల దుకాణమునకు రాడు. అతని చూపునకు 20 పైసలు ఖర్చు పెట్టుట మీకేల? అటు పంపిణీదారునకు అతడు బంగ్లా ప్యాకుతో వచ్చిన చందాదారుడే. తెలుగు వార్త లేదని తీగ తెంపుకొనడు. ఇరువురికిని అక్కరలేని చూపు ఎచ్చట నిలుచునో అచ్చట మా చిన్నాన్న కుర్చీ కలదు. ఇందువలననే నాకు కేబులు కుర్రవాని మీద కోపము నిలువలేదు. ఛానలు వారి మీద కొంచెము నిలిచినది, ఏలయన "ప్రపంచ తెలుగువారి గుండె చప్పుడు" వంటి మాటలు చెప్పునది వారు.

కేంద్రము ప్రకటించిన దూరదర్శన్ ఛానళ్లను మాత్రము చట్టములోని 8వ సెక్షను చొప్పున ప్రతి కేబులు నిర్వాహకుడును ఇచ్చి తీరవలెను. వానిలో తెలుగుదైన సప్తగిరి పెట్టుడని చిన్నాన్నను నేను కోరితిని. పెట్టిరి. కర్ణాటక సంగీతము వచ్చుచుండెను. ఇరువురమును కొంతసేపు వింటిమి. గాయని బాగుగనే పాడెను.

2020 మే 20, ఆంఫాన్ తుపాను. మహమ్మారి నిర్బంధపు దినములు, బయటకు పోరాదు, ఇంట టీవీయే లోకము. దీఘాకు తూర్పుగా, సుందరవనముల చెంత మధ్యాహ్నము నుండి తీరము దాటుచుండగా, నాలుగు గంటలకు చిన్నాన్న యింటి తెర నీలమయ్యెను. ఇన్వర్టరు కలదు, టీవీ వెలుగుచునే యున్నది, వార్త లేదు. కేబులు స్వభావమే అంత: వీథి వీథికి స్తంభము మీద నుండు ఆంప్లిఫయరు పెట్టెకు కరెంటు కావలెను, అది ఆరినచో మీ యింట ఎన్ని బ్యాటరీలున్నను బూడిదయే. పైగా ఆ తీగ విద్యుత్ స్తంభమునే పట్టుకొని ప్రాకును గనుక, స్తంభము కూలినపుడు దీపమును వార్తయు కలిసి పోవును. "సిగ్నల్ లేదు" అను రెండు మాటలు నీలి తెర మీద మూడు దినములు నిలిచినవట. పదకొండవ నంబరు ఎగురవేసిన దీపస్తంభము నాకు జ్ఞప్తికి వచ్చినది. కాని రేవు అధికారి దానిని ఎగురవేయుట జాగ్రత్తపడుమని చెప్పుటకు, ఈ నీలి తెర ఏమియు చెప్పుటకు కాదు.

[పెట్టెలో: మిగిలిపోయిన సంగతులు

తెర ఆరుటకు గాలియే రానక్కరలేదు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబులు నిర్వాహకులు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారములను నిలిపివేసిరి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో టీవీ9, సాక్షి మొదలగు ఛానళ్లు కేబులులో కనబడకుండ పోగా తగవు ఢిల్లీ హైకోర్టు చేరెను. పార్టీలు మారినవి, తీగ మారలేదు. 2023 ఫిబ్రవరిలో తలక్రిందులైన కథ: ధరల తగవులో పెద్ద ప్రసార సంస్థలే కేబులు వారికి సంకేతములు ఆపివేసినవి.

1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక తుపాను ముంచెను. అదే యేడు నవంబరు 1న వేరొకటి మచిలీబందరును ముంచెను. నెల తిరుగకమునుపే బంగ్లావారికిని తెలుగువారికిని ఒకే దుఃఖము. మరుసటి యేడు కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు, 1875లో వాతావరణ శాఖ, ఆ దుఃఖముల వెంట వచ్చినవి. వాతావరణ శాఖ తుపాను బులెటిన్లు ఇప్పుడు అంతర్జాలమున మూడు గంటలకొకమారు ఉచితముగా దొరకును. అక్షాంశ రేఖాంశములతో దారి పట్టికయుండును. ఖరగ్‌పూరు అక్షాంశము 22.3.]

ఆదివారము నేను స్టేషనునకు పోయితిని. తుపాను వేళ ఈ యూరి జనులు నమ్మునది ఏ ఛానలును కాదనియు, రద్దయిన బండ్ల జాబితాయనియు చిన్నాన్న చెప్పియుండిరి. ఆగ్నేయ రైల్వే పూరీ బండి రద్దుచేసినచో ఒక రకము, దీఘా లోకలు రద్దుచేసినచో వేరొక రకము, హౌరా చేరువ షాలీమార్ యార్డులో ఖాళీ పెట్టెల చక్రములను పట్టాలకు గొలుసులతో కట్టిరని తెలిసినచో ఇంక పొయ్యి ఆర్పి పిల్లలను లోపలికి పిలువవలసినదే. యాస్ ముందు అట్లు కట్టిరి. స్టేషనులో నిలిచి నేను చూచినది మాత్రము నిర్మలాకాశము, నిప్పులు చెఱుగు ఎండ, 1,072 మీటర్ల పొడవున నిలిచిన ప్లాట్‌ఫారము, దాని మీద అరటిపండ్లు తినుచున్న సైనికులు నలుగురు.

సాయంకాలము అయిదు దాటినది. తెలుగు ఛానలులో వడగాల్పులు, రామగుండము, మంచినీరు త్రాగుడను హితవు. పిన్ని వాకిటనుండి, "ఓలమ్మ, ఇటు సూడండి," అనిరి. వాయవ్యమున, ఛోటానాగపూరు వైపు, సిరాబుడ్డి ఒలికినట్లు మబ్బు లేచియున్నది. కాలవైశాఖి యిది, ఏ వాయుగుండమునకును సంబంధింపదు, ఏ రేవు నంబరును దీనికి లేదు, పుట్టి ఊరిమీద పడి పోవుటకు దీనికి రెండు మూడు గంటలు చాలును. ముందురోజు వాతావరణ శాఖ బులెటినులో "ఒకటి రెండు చోట్ల" అని యుండును. ఈనాడు ఆ ఒకటియో రెండో ఇందా. దుమ్ము, పిదప గాలి, పిదప పిడుగు, పిదప వడగండ్లు. మూడవ పిడుగునకు రామగుండము మధ్యలో తెగి తెర నీలమయ్యెను.

"పదకొండు," అని చిన్నాన్న కుర్చీలోనుండి కదలకయే పలికిరి.

వాన వెలిసిన గంటకు కేబులు కుర్రవాడు నిచ్చెనతో వచ్చెను. ఇరువదేండ్లుండును, ఇంట బంగ్లా, బజారున హిందీ, చందాల వసూలులో తెలుగు మాటాడును. వాడు స్తంభము క్రింద చెప్పులు విడుచుచుండగా చిన్నాన్న నా జిరాక్సు కాగితమును వాని చేతిలో పెట్టి, మీ ఆఫీసు గోడకు అంటింపుమని చెప్పిరి. వాడు వరుసలన్నియు వ్రేలితో క్రిందివరకు దిగి చూచెను, మరల పైవరకు ఎక్కెను.

"ఇందులో మన ఖరగ్‌పూర్‌ది ఏ నంబరు అంకుల్?"

"రేవుంటే గదరా నంబరు. మనకి ప్లాట్‌ఫారమే ఉంది," అనిరి చిన్నాన్న. కుర్రవాడు కాగితమును మడచి చొక్కా జేబులో పెట్టుకొని, తడిసిన స్తంభమును చేతితో ఒకమారు తడిమి చూచి, నిచ్చెన ఎక్కెను.